కాదనడం రాని మెకానిక్ భోజన్న

బోధన్ బజారులో ఎరువుల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ నడుమ, మనిషి పక్కకు తిరిగితే గాని లోపలికి పోలేనంత ఇరుకు గది ఒకటుంది. అదే భోజన్న మెకానిక్ షాపు. ముప్పై ఆరేళ్ల కింద రేడియోలతో మొదలుపెట్టాడు. తర్వాత డబ్బా టీవీలొచ్చాయి. అవి పోయి గోడకు తగిలించే టీవీలొచ్చాయి. పాడైనదాన్ని బాగు చేయించుకునేకన్నా కొత్తది కొనుక్కోవడమే నయమని జనానికి ఎవరో బాగా నూరిపోశారు. అందుకని ఇప్పుడు ఆయన బల్ల మీదికి మిక్సీలు, ఇన్వర్టర్లు, పొలాల దగ్గరి మోటారు స్టార్టర్లు వస్తున్నాయి. ఒకసారి ఒకాయన చెవి మిషన్ తెచ్చాడు. ఇంకొకాయన కోడిగుడ్లు పొదిగే కరెంటు పెట్టె తెచ్చాడు, లోపల గుడ్లతో సహా.

ఇద్దరికీ భోజన్న చెప్పింది ఒకటే మాట. "అయితది, పెట్టిపో."

గుడ్ల పెట్టె బాగవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ గుడ్లను తన సీరీస్ బల్బు కింద గుడ్డలో పొదివి పెట్టుకున్నాడు. సీరీస్ బల్బంటే మెకానిక్ షాపుల్లో బల్ల మీద వేలాడే వంద క్యాండిళ్ల పాత బల్బు. పాడైన మిషన్‌కు నేరుగా కరెంటివ్వకుండా దాని గుండా పంపిస్తారు. లోపల షార్టుంటే బల్బు ధగధగ వెలుగుతుంది, మిషన్ కాలిపోకుండా ఆ భారం బల్బే మోస్తుంది. ఏ తప్పూ లేకుంటే ఒక్కసారి మెరిసి కళ్లు మూసుకుంటుంది. మెకానిక్‌కు అది నాడి చూడడం లాంటిది. భోజన్న బల్బు నాడి చూడడమే కాక, ఆ వారం పదకొండు కోడిపిల్లల్ని కూడా లేపింది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆయనకు కాదనడం చేతకాదు. తెలిసిన పనికీ అయితదనే అంటాడు, తెలియని పనికీ అయితదనే అంటాడు. భార్య లింగవ్వ దీని మీద ముప్పై ఏళ్లుగా పోరుతూనే ఉంది. "కాదు అనేటందుకు పైసలు గావాల్నా? నోట్లె ముల్లు ఇరికినట్టు జేస్తవ్" అంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నవ్వేవాడితో ఎంతసేపని కొట్లాడతాం?

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పొద్దున పదిన్నరకు, షాపు ముందు ఆటో ఆగింది. ముందుగా దిగింది సాయన్న. రుద్రూర్ అవతలి ఒక చిన్న పల్లెలో గ్రామాభివృద్ధి కమిటీ పెద్ద. ఈ కమిటీల గురించి మా జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కల్లు దుకాణం నుంచి కోతుల బెడద దాకా ఊళ్లో వాళ్ల మాటే మాట. తప్పు చేసినవాడికి జరిమానా వేసేదీ వాళ్లే, ఆ జరిమానాతో ఊరికి మైకుసెట్టు కొనేదీ వాళ్లే.

సాయన్న గడపలోనే నిలబడి అడిగాడు. "భోజన్నా, ఇయ్యాల అయిదు గంటల కల్ల ఇది మంచిగ గావాలె. అయితదా, కాదా? ఒక్కటే మాట చెప్పు."

"అయితది" అన్నాడు భోజన్న. ఆ తర్వాత అడిగాడు, "ఇంతకు ఏందది?"

సాయన్న వెనుక నుంచి నలభై అయిదేళ్ల ఆడమనిషి ఒకామె వచ్చింది. పాత చీరగుడ్డలో చుట్టిన పెట్టెను రెండు చేతులా పట్టుకొని, మెట్టు ఎక్కడానికి కాలితో తడిమి చూసుకుంటోంది. ఆమె పేరు ఈరవ్వ. చెరుకు నరకడానికి పోతుంది, పొద్దున కమిటీ హాలు ఊడుస్తుంది. గుడ్డ విప్పితే వీడియో ప్రొజెక్టర్. అదీ జరిమానా డబ్బుతో కొన్నదే, ఏడేళ్ల కిందట.

భోజన్న తన జన్మలో ప్రొజెక్టర్ విప్పలేదు. ఆ సంగతి తన మొహంలో కనపడకుండా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

విషయమేమిటంటే, ఈరవ్వ బిడ్డ సంజన కబడ్డీ ఆడుతుంది. పదిహేడేళ్ల పిల్ల. శుక్రవారం నాడు పాట్నాలో వాళ్ల జట్టు జూనియర్ జాతీయ పోటీల్లో ఫైనలుకు చేరింది. ఫైనలు ఈరోజు సాయంత్రం అయిదింటికి ఫోన్లలో వస్తుంది. ఊరందరికీ ఫోన్లున్నాయి. కానీ ఈరవ్వ కళ్లల్లో పొరలొచ్చాయి. చెరుకు పనులు అయిపోయాక ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. ఫోను ఆమె చేతికిస్తే అందులో వెలుతురు తప్ప మనుషులు కనపడరు. గోడంత బొమ్మ వేస్తే కనపడతారు. అందుకని హాలు గోడకు సున్నం కూడా వేశారు.

"నిన్న సాయంత్రం ఒకపారి పెట్టి సూద్దామని స్విచ్చేసిన. టప్పుమన్నది, సచ్చింది. ఎవడో లోపట చెయ్యి వెట్టిండు. ఎవడో దొరకనీ, కమిటీల నిలవెడ్త" అన్నాడు సాయన్న. టార్పాలిన్లు చూడాలి, కుర్చీలు చూడాలి అంటూ అదే ఆటోలో వెళ్లిపోయాడు. ఈరవ్వ మాత్రం కదల్లేదు. స్టూలు మీద కూర్చొని, "నేనీడనే ఉంట అన్న" అంది.

భోజన్న మరలు విప్పడం మొదలుపెట్టాడు. పదమూడు మరలు. తెలియని మిషన్ కాబట్టి ఏ మర ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, దాని మీద వరుసగా పెట్టుకున్నాడు. పై మూత లేచింది. అద్దాలూ ఫ్యాన్లూ చూసి కొంచెం గుండె జారింది గానీ, అడుగున పవర్ సప్లై బోర్డు కనపడగానే ప్రాణం కుదుటపడింది. ఏ మిషనైనా కరెంటు తినే నోరు అన్నింటికీ ఒకటేలా ఉంటుంది. ఫ్యూజు, నాలుగు కాళ్ల డయోడు, చిన్న డబ్బాలాంటి పెద్ద కండెన్సరు. పాత చుట్టాలను కొత్త ఊళ్లో చూసినట్టయింది ఆయనకు.

ఫ్యూజు నల్లగా మాడి ఉంది. కొత్తది వేసి, సీరీస్ బల్బు గుండా కరెంటిచ్చాడు. బల్బు ధగధగా వెలిగి అట్లాగే ఉండిపోయింది.

"మంచిగైందా అన్న?" అంది ఈరవ్వ, ఆ వెలుగును చూసి.

"కాలే చెల్లె. గీ బల్బు ఎంత ఎలిగితే మనకు గంత నష్టం. ఇది ఆరిపోతే సంబురం."

ఈరవ్వ అప్పటి నుంచి బల్బు ఆరిపోవాలని మొక్కుకుంటూ కూర్చుంది.

మీటరు పెట్టి వెతికితే డయోడు అడ్డంగా కాలిపోయి దొరికింది. పాత టీవీ బోర్డుల గుట్టలోంచి అలాంటిదే ఊడదీసి అతికించాడు. బోర్డు మీద అక్కడక్కడ పసుపుపచ్చటి మరక ఎండిపోయి ఉంది. భోజన్న దాన్ని చూశాడు, చూసి వదిలేశాడు. కండెన్సర్లు కదలకుండా ఫ్యాక్టరీవాళ్లు పచ్చటి జిగురు పోయడం మామూలే. ముప్పై ఆరేళ్లుగా ఆ జిగురు చూస్తున్నాడు. అనుభవం కూడా ఒక్కోసారి కళ్లకు గంతలు కడుతుంది.

పని చేస్తూ చేస్తూ సంజన గురించి అడిగాడు. ఈరవ్వ ఉత్సాహంగా చెప్పింది. అయిదో తరగతిలో వరి కోసిన మళ్లల్లో మగపిల్లలతో ఆడేదట. బడిలో సారు చూసి నిజామాబాద్ తీసుకుపోయాడట. మండలం, జిల్లా, రాష్ట్రం, అన్నీ ఆడింది.

"నువ్వు సూసినవా ఆడంగ?"

"యాడ అన్న? ఆటలన్ని చెరుకు నరికే దినాలల్లనే వస్తయి. ఒక్కనాడు పోకుంటే ముఠాల నుంచి తీసేస్తరు. ఎన్నడొస్తవే అవ్వా అని అడుగుతుండె పాపం. ఇంగ మూడేండ్లాయె, అడుగుడు బంజేసింది. ఇప్పుడు పోదామంటె పాట్నా, కండ్లు గిట్లాయె."

భోజన్న చేతిలో సాల్డర్ కడ్డీ అట్లాగే ఆగింది. అప్పటిదాకా అది ఆయనకు పాడైన మిషన్. ఇక అది మిషన్ కాదు. సాయంత్రం అయిదు లోపల ఇది వెలగకపోతే తాను ఇన్నేళ్లుగా అయితదన్న ప్రతి మాటా వట్టిదే అనుకున్నాడు.

మళ్లీ కరెంటిచ్చాడు. సీరీస్ బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ప్రొజెక్టర్ మీద చిన్న పచ్చదీపం వచ్చింది. ఈరవ్వ లేచి నిలబడింది. బటను నొక్కితే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. భోజన్న మీసం మీద చెయ్యి కూడా వేశాడు. సరిగ్గా అప్పుడే ఫ్యాన్లు ఆగి, ఎర్రదీపం మూడుసార్లు మిణుకుమంది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. తిరగడం, ఆగడం, మిణుకు.

ఇక ఆయన కండెన్సర్ల మీద పడ్డాడు. భోజన్నకు ఏ రోగమైనా కండెన్సర్ల దగ్గరే పుడుతుందని నమ్మకం. కొందరు వైద్యులకు ఏ నొప్పైనా వాతమే అయినట్టు. తల ఉబ్బిన నాలుగు తీసి కొత్తవి వేశాడు. ఉబ్బనివి కూడా రెండు అనుమానంతో మార్చాడు. మిషన్ మర్యాదగా అన్నీ వేయించుకొని, మళ్లీ మూడుసార్లు మిణుకుమంది.

ఒంటిగంటన్నర దాటింది. వోల్టేజీలన్నీ కొలిచాడు. ఎక్కడికక్కడ సరిగ్గా ఉన్నాయి. నోరు మంచిదే, కడుపు మంచిదే, మరి లేవదెందుకు? ఈరవ్వ మాత్రం ఆయన చేతుల వైపే చూస్తోంది. ఆ చూపు ముందు ఆయనకు మొదటిసారి కాదనే మాట గొంతులోకొచ్చింది.

"చెల్లె, ఇది..." అన్నాడు.

అదే సమయానికి లింగవ్వ టిఫిన్ డబ్బాతో లోపలికి అడ్డంగా దూరింది. డబ్బా బల్ల మీద పెట్టకుండా ముక్కు ఎగబీల్చింది. "ఏమయ్యా, షాపుల పసుపు ఉడకవెట్టినవా ఏంది?"

లింగవ్వ పుట్టిల్లు ఆర్మూరు వైపు. పసుపు పండించే ఇల్లు. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం, కొమ్ములు రుద్దడం, పెళ్లయ్యేదాకా ఆమె బతుకంతా అదే. ఇంకెవరైనా అని ఉంటే భోజన్న కొట్టిపారేసేవాడే. పసుపు విషయంలో లింగవ్వ ముక్కును కాదనే మొనగాడు ఈ జిల్లాలో లేడు.

"యాడిదే పసుపు? సాల్డరు పొగ అది."

"సాల్డరు పొగ ముప్పై ఏండ్ల సంది పీలుస్తున్న, నాకెరుక లేదా?" అంటూ ఆమె బోర్డు మీదికి వంగింది. పచ్చటి మరక మీద గోరు పెట్టి గీకి, నాలుక కొసకు తాకించుకుంది. "పసుపే. పచ్చి పసుపు నీళ్లల్ల కలిపి పూసిన్రు."

భోజన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆ క్షణాన తెలిసొచ్చింది. పొద్దుటి నుంచి తాను జిగురనుకుంటున్నది జిగురు కాదు. మరి ప్రొజెక్టర్ కడుపులోకి పసుపు ఎట్లా పోయింది?

స్టూలు మీంచి చిన్న గొంతు వినపడింది. "నేనే వెట్టిన అన్న."

ఇద్దరూ తిరిగి చూశారు. ఈరవ్వ కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

"బిడ్డ ఫైనలుకు పోయిందని తెల్వంగనే కాళ్లు నిలవలే. నా బిడ్డను సూపెట్టే మిషనాయె. నిన్న పొద్దుగాల హాలు ఊడ్సి, పెట్టెకు బొట్టు వెట్టిన. మల్ల మనసుల వడ్డది, దీపం లోపటున్నది గదా అని. దీపానికి బొట్టు వెట్టకుంట పెట్టెకు వెడితె అదేం పూజ? పోయినేడు బల్బు మార్చెటాయన రూపాయి బిళ్లతోని పక్క మూత తీసుడు సూసిన. నేను గట్లనే తీసిన. కండ్లు మసక గదా, తడి పసుపు జర ఎక్కువ వడ్డది గావచ్చు. సాయన్నకు చెప్దామంటె భయమైంది. నీకు చెప్దామంటె సిగ్గైంది."

భోజన్నకు నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకొని, బొజ్జ కదిలేలా నవ్వాడు. లింగవ్వ ఉరిమి చూసింది. "నవ్వకు. దసర నాడు నీ మీటరు నిండ పసుపు పూసిందెవరు, నువ్వు గాదా? రెండు దినాలు ముల్లు కదలలే, యాది లేదా?"

అది నిజమే గనక భోజన్న నవ్వు ఆపాడు. ఆపి, రూపాయి బిళ్ల తీసి, పక్కనున్న చిన్న మూత తెరిచాడు. లోపల దీపం చట్రం మీద చక్కటి పసుపు, దాని నడుమ కుంకుమ. గాజు మీద వేలు పడలేదు, పడితే వేడికి పగిలేది, అంతవరకు అదృష్టం. కారిన పసుపునీళ్లు కింద బోర్డు మీద పడి షార్టు చేశాయి. మిగిలింది మూత అంచున ఉన్న చిన్న స్విచ్చులో చేరి రాయిలా గట్టిపడింది. మూత పూర్తిగా పడిందని ఆ స్విచ్చు చెబితేనే దీపం వెలుగుతుంది. లేకుంటే మిషన్ తలుపు తెరిచే ఉందనుకొని ఎర్రదీపం కొడుతుంది. కండెన్సర్లు మార్చినా మార్చకున్నా దానికేమీ పట్టదు.

ఆ తర్వాత పని సంబరంగా సాగింది. లింగవ్వ పాత పళ్ల బ్రష్షు తీసుకుంది. భోజన్న స్పిరిటు సీసా తీశాడు. స్విచ్చు సందుల్లోంచి పసుపు పొడి పొడిగా రాలింది. బోర్డును బయట చెప్పుల దుకాణం అరుగు మీద ఎండబెట్టారు. అది ఎండేలోపు ముగ్గురూ జొన్నరొట్టె, పచ్చిపులుసు పంచుకొని తిన్నారు. ఈరవ్వ పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

పదమూడు మరలూ కాగితం మీంచి లేచి తమ తమ ఇళ్లకు పోయాయి. షట్టరు సగం దించి, భోజన్న బటను నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఎర్రదీపం రాలేదు. నీలిరంగు వెలుతురు ముందు మసకగా, తర్వాత నిండుగా వచ్చి, లింగవ్వ చీర మీదా మొహం మీదా పడింది. "నా మీద గాదయ్యా, గోడ మీద వెయ్యి" అంటూ ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, పక్కకు మాత్రం జరగలేదు.

మూడున్నరకు సాయన్న వచ్చాడు. వెలుగు చూసి మొహం విప్పారింది. అంతలోనే కమిటీ పెద్దరికం గుర్తొచ్చింది. "ఏం రోగం దీనికి? ఎవని చెయ్యి?"

ఈరవ్వ లేచింది. నోరు తెరవబోతుంటే లింగవ్వ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఫ్యూజు పోయింది, డయోడు కాలింది. మిషన్ల గ్రహచారం సాయన్నా. దానికేమన్న జరిమానా ఏస్తవా?" అన్నాడు భోజన్న.

అది పూర్తి నిజమా అంటే కాదు. అయినా ఆ మాట అన్నందుకు ఆయనకు ఏ బాధా కలగలేదు, నాకూ కలగడం లేదు. సాయన్న ఇంకేమీ అడగకుండా, "నువ్వు గూడ రా. నడుమల ఆగితే నిన్నే నిలవెడ్త" అని ఆటో ఎక్కించాడు. లింగవ్వ కూడా ఎక్కింది. ఎవరూ పిలవలేదు గానీ, ఆమె పిలుపు కోసం ఆగే మనిషి కాదు.

హాలు కిటికీలకు వడ్లు ఆరబోసే టార్పాలిన్లు కట్టారు. లోపల ఊరంతా చాపల మీద కూర్చుంది. ఈరవ్వను అందరికన్నా ముందు కూర్చోబెట్టారు. అయిదింటికి సున్నం గోడ మీద ఆకుపచ్చటి మైదానం లేచింది. ఒక్కో అమ్మాయి మనిషి ఎత్తున ఉంది.

"ఏది? మనది ఏది?" అంది ఈరవ్వ కంగారుగా. పక్కనున్నవాళ్లు చూపించేలోపే తానే చెయ్యి చాపింది. "అగో. గా నడక మా బాపుది, దాని తాతది." ఆ తర్వాత ఆట అయిపోయేదాకా ఆమె గోడ మీంచి చూపు తిప్పలేదు.

సంజన కూతకు పోయిన ప్రతిసారీ హాలు హోరెత్తింది. పట్టుబడితే నిట్టూర్చింది. చివరి నిమిషాల్లో ఇద్దరిని తాకి, మూడో పిల్ల కాలు పట్టినా ఈడ్చుకుంటూ గీతకు వేలు అందించింది. రెండు పాయింట్ల తేడాతో జట్టు గెలిచింది. సాయన్న తువ్వాల ఎగరేసి చిందేశాడు. భోజన్న ఆటను సగమే చూశాడు. ఫ్యాన్లు ఆగలేదని తెలిసేలా ఒక చెయ్యి ప్రొజెక్టర్ గాలికి అడ్డం పెట్టి, మిగతా సగం ఈరవ్వ మొహమే చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నో మిషన్లు బాగు చేశాడు గానీ, బాగైన మిషన్ ఏం చేస్తుందో దగ్గర కూర్చొని చూడడం ఇదే మొదలు. ఆయనకు చెప్పలేనంత సంతోషమైంది.

అరగంట తర్వాత సాయన్న ఫోను మోగింది. పాట్నా నుంచి సంజన. సాయన్న అందరికీ వినపడేలా పెట్టి ఈరవ్వ చేతికిచ్చాడు.

"అవ్వా, గెలిచినం" అంది పిల్ల. గొంతు బొంగురుపోయి ఉంది.

"గెలిచినవ్ గానీ, ఎడమ మోకాలికి గా పట్టీ ఏందే? ఎన్నడు తాకింది దెబ్బ? నాకు చెప్పవా?"

ఈరవ్వ ఫోనును చెవికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"నీకెవరు చెప్పిన్రు అవ్వా? సారు చెప్పిండా?"

"ఎవరు చెప్తరే? నేనే సూసిన."

"ఏమన్నవ్?"

"సూసిన బిడ్డా" అంది ఈరవ్వ. "మొదటి సంది ఆఖరు దాక, మొత్తం సూసిన."